తాత నంబరు మీద ఎవరి గుండె

రిటైర్ అయ్యానని చెప్తే నా మొఖం చూసి నవ్వుతారు జనం. నాకింకా ముప్ఫై నిండలేదు మరి. కానీ నాను చేసిన పనే రిటైర్ అయిపోయింది. వైజాగ్‌లో ఇప్పుడు ఆ పని ఎవరూ చెయ్యట్లేదు, చేసిన వాళ్లలో ఆఖరి మనిషిని నానే. అంచేత ఆ మాట వాడుకునే హక్కు నాకుంది. నవ్వితే నవ్వుకోండి.

మొన్న మా వీధిలో ఒక పిల్లకి ఆసుపత్రి బిల్లింగ్‌లో ఉద్యోగం వచ్చింది. స్వీట్ తెచ్చి ఇచ్చి, "బిల్లింగంటే ఏటుంది అక్కా, కూర్చుని కంప్యూటర్ కొట్టడమే కదా" అంది. స్వీట్ నా నోట్లో ఉంది కాబట్టి బతికిపోయింది. ఆ కోపం ఇంకా దిగలేదు. దిగేలోపు రాసీస్తన్నాను, ఆ పిల్లకీ, ఆ పిల్లలాంటి వాళ్లందరికీ.

నాను పని చేసింది సీతమ్మధారలో ఒక చిన్న గుండె ఆసుపత్రిలో. కింద మందుల షాపు, పైన డాక్టర్ గారు, ఆ పైన మేము. రెండు వేలు దాటిన కొత్త రోజులు. అప్పుడే సెల్‌ఫోన్ కొనుక్కుని మెళ్లో తాడు కట్టుకుని తిరిగీదాన్ని. టేబుల్ మీద ల్యాండ్‌లైన్ వేరే. చెవికి అది, చేతిలో ఇది. నువ్వు అన్నం తిన్నప్పుడైనా ఫోన్ కింద పెట్టవేటే అని మా అమ్మ రోజూ గొడవ.

అప్పటికి మా ఆసుపత్రిలో ఇంకెక్కడా చూడని పని ఒకటుండేది. గుండె జబ్బు మనిషి ఇంట్లోనే ఉంటాడు, అతని గుండె మాత్రం ఫోన్లో మా దగ్గరికి వస్తాది. సబ్బుపెట్టంత డబ్బా ఒకటి ఇచ్చీవాళ్లం. దాన్ని గుండెకి ఆనించి, ఫోన్ రిసీవర్ దగ్గరగా పెడితే డబ్బా సన్నగా కూత పెడతాది. గుండె ఎలా కొట్టుకుంటే ఆ కూత అలా ఊగుతాది. ఇవతల మా మిషన్ ఆ కూత పట్టుకుని కాయితం మీద గీతలు గీసీది. ఆ గీతలు మా సిస్టర్ చూసి, డాక్టర్ గారికి చూపించీది. మల్కాపురం, గాజువాక జనం దీనికి వాళ్లే పేరు పెట్టీసుకున్నారు, గుండె ఊదడం అని. ఈరోజు ఊదేవా అంటే ఊదీసేను. అంతే.

దీనికి డబ్బు కట్టీది ఒక పెద్ద కంపెనీ, తమ దగ్గర చేసి దిగిపోయిన పాత పనివాళ్ల కోసం. ఊరికే కట్టదు కదా. ఊదింది ఆ పేషెంటే అయ్యుండాలి. నెలలో సగం రోజులకి తక్కువ కాకుండా ఊదాలి. నెలకోసారైనా మా వాళ్లు ఆ మనిషితోనే మాట్లాడాలి, ఇంట్లో వాళ్లతో కాదు. ఒక నెల తప్పితే ఆ నెల బిల్లు లేదు. వరసగా రెండు నెలలు తప్పితే డబ్బా వెనక్కి తీసుకుని, లైన్లో ఉన్న ఇంకో మనిషికి ఇచ్చీస్తారు. ఇవన్నీ సరిగ్గా జరిగాయని చూసి, సంతకం పెట్టి బిల్లు పంపీది నానే.

అంచేత పొద్దున్న ఆఫీసుకెళ్లగానే నా పని ఏటంటే తిట్టడం. ఒక్కో తాతకీ, ఒక్కో మామ్మకీ ఫోన్ చేసి, ఊదలేదేటి, ఎందుకూదలేదు, ఇప్పుడూదు, నాను లైన్లోనే ఉంటాను అని కూర్చునీదాన్ని. నా గొంతు కింద మందుల షాపు దాకా వినిపించీదట. మా మేనేజరు గారిది గోదావరి వైపు. ఎంత కోపమొచ్చినా అండీ తప్పించి మాట్లాడరు. "అమ్మాయిగారూ, వాళ్లు గుండె పేషెంట్లండీ, కాస్త మెల్లగా" అనీవారు. మెల్లగా అంటే ఎవరూ ఊదరండీ అని నానూ అండీతోనే చెప్పీదాన్ని.

నా లిస్టులో అందరికన్నా మంచి పేషెంటు మల్కాపురం వించి తాత. సరుకు ఎత్తీ దింపే వించి మీద పని చేసి దిగిపోయిన మనిషి. అతని గుండె ఉండుండి పరుగందుకుంటాది. ఒకసారి అలాగే రోడ్డు మీద పడిపోయాడట, మామ్మ ఒక్కత్తీ ఎత్తలేక పక్కనే కూర్చుని ఏడ్చిందట. అది మొదలు ఇల్లు కదల్లేదు. మా డబ్బా వచ్చాక, పరుగు తగ్గించే మాత్ర పడ్డాక, మళ్లీ టీకొట్టు దాకా నడవడం మొదలెట్టాడు. నా గుండె సీతమ్మధారలో సూత్తన్నారు, నాకేటి భయం అని వీధంతా చెప్పుకునీవాడు.

వాళ్లింట్లో ఫోన్ లేదు. వీధి మొదట్లో ఎస్టీడీ బూత్ ఉంది, అక్కడికొచ్చి ఊదీవాడు. ఆ బూత్ నడిపే అతను ఫోన్ ఎత్తీవాడు. అతన్ని నానెప్పుడూ చూడలేదు గానీ, ఏడాది పైగా రోజూ పోట్లాడుకున్నాం. నా గొంతు వినగానే, "తాతా, బేగి రా, కలెక్టరమ్మ లైన్లో ఉన్నాది" అని వీధి దద్దరిల్లేలా అరిచీవాడు. తాత లేటైతే నాను ఊరుకోను. నువ్వే పంపట్లేదు, కస్టమర్లకి ఫోన్ ఇచ్చీసి తాతని బయట నించోబెడతన్నావు అనీదాన్ని. "తాతని కుర్చీలో కూకోబెట్టి, నాను నించున్నాను మేడం. మీ పెళ్లికైనా నన్నింత కేకలెయ్యకండి" అనీవాడు. నా పెళ్లికి నిన్నెవడు పిలుస్తాడని నాను.

నాను చెప్పబోయే సంగతికి ముందు నెల ఆ వీధి రోడ్డు తవ్వి కేబుల్ తెంపీసారు. చాలా రోజులు బూత్ ఫోన్ మూగబోయింది. తాత రోజులు సగానికి తక్కువైపోయాయి. కంపెనీ ఆఫీసర్ గారికి ఫోన్ చేసి లైన్ పోయిందండీ, మనిషి తప్పు లేదండీ అని మొత్తుకున్నాను. లైన్ పోయిందని అందరూ చెప్తారమ్మా అని నవ్వి పెట్టీసారు. ఆ నవ్వుకి నాకు మండింది గానీ చేసేదేటీ లేదు. బిల్లు పోయింది. అంటే ఈ నెల కూడా తగ్గితే తాత డబ్బా పోతాది. ఆ మాట మామ్మకి ఒకసారి కాదు, రోజూ చెప్పాను. తాత చేత ఊదించు, లేకపోతే డబ్బా పట్టుకుపోతారు మామ్మా, తర్వాత నా మీదేడవకు.

నెలాఖరు దగ్గరపడింది. తాత రోజులు సగం దాటీసాయి, నాను ఊపిరి పీల్చుకున్నాను. సిస్టర్ మాత్రం ఒక మాట అంది. నాలుగు రోజులుగా తాత గుండె మరీ మెల్లగా కొడతంది, మధ్యలో ఆగి మరీ కొడతంది, మాత్ర ఎక్కువైనట్టుంది అని. డాక్టర్ గారు చూసి మాత్ర సగం చెయ్యమన్నారు. సిస్టర్ బూత్‌కి ఫోన్ చేసి ఆ కబురు చెప్పీసింది. తాత గుండె మెల్లబడింది, మాత్ర సగమే వెయ్యమను అని. అతను సరేనమ్మా, ఇప్పుడే సెప్తాను అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకెళ్తా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు మారుతన్నాను. రాజాం బస్సు దిగుతన్నాడు వించి తాత, భుజం మీద ఇంత పనసపండు పెట్టుకుని. డబ్బా ఇచ్చిన రోజు ఆసుపత్రిలో చూసిన మొఖమే. నన్ను చూసి మొఖం తిప్పీసుకోబోయాడు, కుదర్లేదు.

"తిట్టకు తల్లీ. సెల్లి ఇల్లు కట్టుకుంది, పిలిసింది, ఎల్లాను. నాలుగు దినాలై ఊదలేదు. డబ్బా బస్సులో ఇరిగిపోద్దని ఇంటికాడే ఒగ్గీసేను."

తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు తట్టింది లెక్క. నాలుగు రోజులూ తాత నంబరు మీద గుండె వచ్చింది. నాను లిస్టులో టిక్కు పెట్టాను. సిస్టర్ గీతలు చూసింది. డాక్టర్ గారు మాత్ర తగ్గించారు. మరి ఆ గుండె ఎవరిది?

తాతకి ఒకటే మాట చెప్పాను, ఇంటికెళ్లాక మాత్ర ఎప్పట్లాగే వేసుకో, ఎవరేం చెప్పినా తగ్గించకు, నాను ఫోన్ చేస్తాను అని. చెప్పి ఆటో ఎక్కీసాను. ఆటోలో ఉన్నంతసేపూ నా తల్లోకి కోపం తప్పితే ఇంకేటీ రాలేదు. నన్ను మోసం చేశారు, నా సంతకంతో ఆటలాడుకున్నారు అని. నిజం చెప్తన్నాను, అప్పటికి ఆ గుండె గల మనిషి గురించి నానొక్క ముక్క ఆలోచించలేదు. అది ఆలోచించింది డాక్టర్ గారు.

నాను మెట్లెక్కుతానే అరవడం మొదలెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. సిస్టర్ని ఆ నాలుగు రోజుల కాయితాలూ తెమ్మన్నారు. బల్ల మీద పరిచి చూశారు. నాను రొప్పుతన్నాను. ఆయన మెల్లగా అన్నారు:

"తాతదైతే ఇది మాత్ర చేసిన పని. తాతది కాదంటే ఈ మనిషి మాత్రే వేసుకోవట్లేదు. వేసుకోకుండానే గుండె ఇలా ఆగి ఆగి కొడుతోంది. ఎవరో కనుక్కో. ఈరోజే."

నా కోపం అక్కడే నీరైపోయింది. ఆసుపత్రిలో ఎన్నాళ్లు పనిచేసినా, కాయితం మీద గీతకీ మనిషికీ మధ్య ఉన్నది నా టిక్కేనని అప్పుడే తెలిసింది. పేరు తప్పు పడితే ఇటు తాతకి ఉన్న మందు తగ్గిపోతాది, అటు ఇంకెవరికో ఉన్న జబ్బు ఎవరికీ కనబడదు.

బూత్‌కి ఫోన్ చేశాను. అతనే ఎత్తాడు. ఈ నాలుగు రోజులూ ఎవరూదారని అడిగాను.

"తాతేనండి."

"తాత ఇందాక రాజాం బస్సు దిగాడు. నా కళ్లతో చూశాను."

"మరైతే నాకు తెల్దు మేడం. కస్టమర్లొచ్చేరు" అని పెట్టీసాడు. ఏడాదిలో మొదటిసారి నన్ను కలెక్టరమ్మ అనలేదు.

సిస్టర్ మిషన్ దగ్గర కూర్చుంది. నాను మల్కాపురం బయల్దేరాను. మేనేజరు గారు గుమ్మం దగ్గర ఎదురై, రేపు కంపెనీ ఆఫీసర్ గారు లెక్క చూడ్డానికొస్తున్నారు, ఈ టైములో ఎక్కడికండీ అని అడిగారు. ఆ లెక్క కోసమే అన్నాను. పూర్తి అబద్ధం కాదు.

బూత్ అంటే నాను చాలా పెద్దదనుకున్నాను, అతని గొంతుని బట్టి. తీరా చూస్తే ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి వంగి దూరాలి. లోపల నలభై దాటిన మనిషి, ఒక కాలు సన్నగా చిన్నప్పటి పోలియోది, గోడకి కర్ర ఆనించుంది. నన్ను చూసి ఎవరో కస్టమర్ అనుకున్నాడు. నాను నోరు తెరవగానే లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"కలెక్టరమ్మంటే పెద్దావిడనుకున్నాను" అన్నాడు. "గొంతు సూసి."

మామ్మని పిలిపించాను. తాత కూడా వచ్చాడు. ఈ నాలుగు రోజులూ ఎవరూదారు మామ్మా అంటే, "మీ తాతే" అంది, తాతని పక్కన పెట్టుకుని.

"నానెప్పుడూదేనే?" అన్నాడు తాత.

"నువ్వూరుకో" అంది మామ్మ. నా వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకుంది. "డబ్బా పట్టుకెల్లిపోకమ్మా. ఆడు మల్లీ పడిపోతే నానెత్తలేను."

ఇక్కడ నాకున్న అధికారం సున్నా. డబ్బా ఉంచాలో తియ్యాలో చెప్పీది కంపెనీ. అయినా నోటికొచ్చింది, డబ్బా ఎక్కడికీ పోదు అని మాటిచ్చీసాను. తర్వాత అసలు విషయం చెప్పాను. డబ్బా కోసం రాలేదు, ఆ నాలుగు రోజులూ దాన్ని గుండెకి పెట్టుకున్న మనిషికి బాగులేదు, ఆ మనిషి కోసం వచ్చాను.

వీధిలో ఆడవాళ్లు పోగయ్యారు. ఎవరూ పేరు చెప్పరు. చెప్పకపోతే పోనీ, వరసగా అందరిదీ చూస్తానన్నాను. బూత్ ఫోన్ మీంచి సిస్టర్కి కలిపాను. ముందు మామ్మది. చెయ్యి వణికి డబ్బా నిలవలేదు, నానే పట్టుకున్నాను. కూత వెళ్లింది. "కాదు, మామ్మ గుండె బాగుంది" అంది సిస్టర్. ఆ మాట చెప్తే మామ్మ సంతోషించాలా వద్దా తెలీక నిలబడిపోయింది. తర్వాత పక్కింటి ఇడ్లీలావిడ. ఆవిడా కాదు. ఆవిడ మాత్రం, నాది బాగుందా, ఇంకోసారి సూడమనమ్మా, మా ఆయన నమ్మడు అని డబ్బా వదల్లేదు. ఆవిడ చేతిలోంచి దాన్ని లాక్కోవాల్సొచ్చింది.

ఇంతలో నా చూపు బూత్ అతని మీద పడింది. వచ్చిన దగ్గర్నించీ జోకులెయ్యట్లేదు. రిసీవర్ తీగ వేలికి చుట్టుకుంటా విప్పుతా కూర్చున్నాడు.

"నువ్వు పెట్టు" అన్నాను.

"నాకెందుకు మేడం. నాది ఇనప గుండె. మీ తిట్లు తినీ తినీ."

"పెట్టు బావూ" అన్నాడు తాత.

తాత చెప్తే కాదనలేకపోయాడు. చొక్కా గుండీలిప్పి డబ్బా ఆనించుకున్నాడు. కూత మొదలైంది. నాను రిసీవర్ దగ్గరగా పట్టుకున్నాను. ఎప్పుడూ ఫోన్లోనే విన్న చప్పుడు మొదటిసారి మనిషి పక్కన నిలబడి విన్నాను. ఊగింది. ఊగింది. తర్వాత ఊగలేదు. డబ్బా సన్నగా, తిన్నగా కూస్తానే ఉంది, ఊగట్లేదు. మళ్లీ ఊగింది.

రిసీవర్ చెవికి పెట్టుకున్నాను. సిస్టర్ గొంతు చాలా చిన్నగా ఉంది. "ఇదే. ఆ మనిషిని లేవనీకు. డాక్టర్ గారు పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తన్నారు, తిన్నగా అక్కడికే తీసుకెళ్లిపో."

నాను అతనికి ఎలా చెప్పానో గుర్తులేదు. అతనన్న మాటలు మాత్రం గుర్తున్నాయి. ఈ మధ్య అప్పుడప్పుడు కళ్లు తిరుగుతన్నాయట. బూత్‌లో గాలాడదు కదా, ఎండకనుకున్నాడట. మామ్మ చెయ్యి వణికి కూత పట్టట్లేదని, ఇలా ఇయ్యి మామ్మా అని తన గుండెకే పెట్టుకున్నాడట, నాలుగు రోజులూ. మరి సిస్టర్ ఫోన్ చేసి గుండె మెల్లబడిందని చెప్పినప్పుడు, అది నీదేనని నీకు తట్టలేదా అని అడిగాను.

"డబ్బా తాతది గదా మేడం. దాని మీద తాత నంబరుంది. ఇన్నాల్లూ తాతనే సూసీ సూసీ దానికి తాత గుండె అలవాటైపోనాది, ఎవులు పట్టుకున్నా తాతదే ఎల్తాదనుకున్నాను. నానొట్టి స్టాండునే గదా అనుకున్నాను."

మామ్మ కూడా తలూపింది. ఆవిడా అదే అనుకుందట. పేషెంటే పట్టుకోవాలని రూలుందని తెలుసు, అది తప్పామనే దాచారు. అంతే గానీ, ఇంకో గుండె వెళ్తాదని ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. తన గుండె కబురు తనే ఫోన్లో విని, తాత కబురనుకుని మోసుకెళ్లి మామ్మకి అప్పజెప్పిన మనిషి అతను. నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆటో పిలిచాను. అతను కదలనంటాడు. బూత్ ఎవరు చూస్తారంట. ఇక్కడ నాకు నా కోపం పనికొచ్చింది. ఏడాదిగా ఫోన్లో తిట్టినవన్నీ రిహార్సలే, అసలు తిట్లు అప్పుడు తిట్టాను. ఇడ్లీలావిడ చెవులు మూసుకుంది. ఆఖరికి తాత బూత్‌లోకి వంగి దూరి, కుర్చీలో కూర్చుని, "ఎల్లరా బావూ. నీ కుర్సీలో నాను కూకుంటాను. ఇన్నాల్లూ నన్ను కూకోబెట్టినావు గదా" అన్నాడు. అప్పుడు ఎక్కాడు ఆటో.

పెద్దాసుపత్రి గేటు దాటాక, ఇంకా స్ట్రెచర్ రాకముందే, నా భుజం మీద ఒరిగిపోయాడు. ఆ బరువు నాకు బాగా గుర్తు. లోపలికి తీసుకెళ్లిపోయారు. సాయంత్రానికి డాక్టర్ గారు చెప్పారు, మనిషి దక్కాడు, గుండెకి పేస్‌మేకర్ పెడతారు అని. బూత్‌లో పడిపోయుంటే ఎండదెబ్బ అనుకునీవారు అన్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండును. మర్నాడు ఆఫీసర్ గారొస్తున్నారు.

ఆ నాలుగు రోజులూ తీసీస్తే తాత లెక్క సగం కన్నా తగ్గిపోతాది, నెలలో ఇంక ఊదడానికి రోజుల్లేవు. వరసగా రెండో నెల. డబ్బా పోతాది. మామ్మకి నాను మాటిచ్చి ఇంకా ఒక రోజు గడవలేదు. పొద్దున్నే మేనేజరు గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు, తాత మీద జాలితోనే చెప్పారు. "వైద్యం డాక్టర్ గారు సరిచేశారు కదండీ. బిల్లు అలా వదిలేయండి. డబ్బా ఆ ముసలాయన దగ్గరే ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. రెండూ కలపకండి అమ్మాయిగారూ."

నాకు లోపల ఒక్క క్షణం ఒప్పుకోవాలనిపించింది. మామ్మ చేతులు గుర్తొచ్చాయి. కానీ ఇంకో చేత్తో ఆ నాలుగు కాయితాలూ పట్టుకునున్నాను.

"ఇవి తాతవి కావని డాక్టర్ గారు మందు మార్చారండీ. ఇవే తాతవని నాను సంతకం పెట్టాలా? రేపు ఇంకో మామ్మ ఇంకో మనిషికి పెట్టి పంపుతాది. అప్పుడెవర్ని వెతుక్కుంటా వెళ్లనండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, మీ ఇష్టమండీ అన్నారు. ఆ నాలుగు టిక్కులూ కొట్టీసి, పక్కన నా సంతకం పెట్టాను.

ఆఫీసర్ గారు వచ్చారు. ముందు నెల ఫోన్లో నవ్విన మనిషే. ఆయన పేజీ తిప్పేలోపు నానే చెప్పీసాను, తాత ఊరెళ్లడం, మామ్మ భయం, బూత్ అతను, అన్నీ. చెప్పడమంటే మెల్లగా కాదు. మీ రూలు రాసినప్పుడు మల్కాపురంలో ఎన్నిళ్లల్లో ఫోనుందో చూశారా అని కూడా అడిగీసాను. మేనేజరు గారు కిటికీలోంచి బయటికి చూస్తా నిలబడ్డారు.

ఆయన అంతా విన్నారు. టీ చల్లారిపోయింది.

"ఈ నాలుగు రోజులు మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసీది కాదండీ."

"చెప్తే తాత డబ్బా పోతుందని మీకు తెలుసా?"

"తెలుసండీ."

కలం తీసి ఈ నెల బిల్లు కొట్టీసారు. తర్వాత ముందు నెల కాయితం తెమ్మన్నారు. దాని వైపు చాలాసేపు చూశారు.

"కేబుల్ తెగిందని అప్పుడు చెప్పారు మీరు. నేను నమ్మలేదు." పక్కన ఏదో రాసి సంతకం చేశారు. "తన బిల్లు తనే కొట్టేసుకున్న మనిషి కేబుల్ గురించి అబద్ధం చెప్పదు. ముందు నెల తప్పు పేషెంటుది కాదని రాశాను. కాబట్టి తప్పింది ఒక్క నెలే. డబ్బా ఉంటుంది."

నాను థాంక్స్ చెప్పాలి కదా. చెప్పలేదు. అప్పుడే నమ్మొచ్చు కదండీ అన్నాను. ఆయన ఈసారి కూడా నవ్వారు గానీ, ఆ నవ్వుకి మండలేదు. వెళ్తా వెళ్తా, ఊరెళ్లేవాళ్లు ముందుగా చెప్తే ఆ రోజులు లెక్కలోంచి తీసే ఏర్పాటు అడుగుతానన్నారు. అడిగారు కూడా. తర్వాత అది రూలైంది. మల్కాపురం వించి తాత పనసపండు వల్ల ఒక రూలు పుట్టిందని నానంటాను, ఎవరూ నమ్మరు.

ఆ పనసపండు తొనలు ఆఫీసుకి వచ్చాయి. ఎక్కువ తిన్నది మేనేజరు గారే. తింటా తింటా, "అమ్మాయిగారూ, ఆ కోపం కాస్త తగ్గించుకుంటే మీరు చాలా పైకొస్తారండీ" అన్నారు. ఇంకో తొన అందుకుని, "వద్దులెండి, ఉంచుకోండి" అన్నారు.

బూత్ అతను నెల తిరక్కుండా మళ్లీ కుర్చీలోకొచ్చాడు. అతను కంపెనీ మనిషి కాదు కాబట్టి అతనికి డబ్బా లేదు. ఆ రోజు నుంచి తాత ఊదే ముందు, "తాత వచ్చేడు, తాతే పట్టుకున్నాడు, తాత గుండే, నాను సాచ్చి" అని పెద్దగా చదివీవాడు, కోర్టులో లాగ. రోజూ. తిట్టినా మానలేదు.

తర్వాత కొన్నేళ్లకి అందరిళ్లల్లో ల్యాండ్‌లైన్లు తీయించీసుకున్నారు, చేతుల్లోకి సెల్ వచ్చీసింది. సెల్‌లో ఆ కూత సరిగ్గా రాదు, ముక్కలైపోతాది. బూత్‌లూ ఒకటొకటే మూతపడ్డాయి. కంపెనీ ఆ పని ఆపీసింది. డబ్బాలన్నీ వెనక్కి ఇచ్చీమంది. చూశారా, రోజంతా సెల్ చేత్తో పట్టుకుని తిరిగిన దాన్ని, ఆ సెల్లే నా పని తినీసింది.

ఆఖరి రోజు పొద్దున్న నాను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. తిట్టడానికి మనసు రాలేదు. టేబుల్ మీద ల్యాండ్‌లైన్ అదే మోగింది.

"కలెక్టరమ్మా, తాత వచ్చేడు. తాతే పట్టుకున్నాడు. నాను సాచ్చి."

తాత ఊదాడు. సిస్టర్ కాయితం చింపి, బాగుంది అంది. ఫోన్ పెట్టబోతన్నాను.

"ఉండండి మేడం. ఇంకోటుంది. ఇది ఏ నంబరు మీదా రాయకండి, బిల్లు లేదు దీనికి. ఊరికే ఇనండి."

సిస్టర్ మిషన్ కలపబోతే చేత్తో ఆపాను. కాయితం వద్దు. రిసీవర్ చెవికి గట్టిగా పెట్టుకున్నాను. కూత మొదలైంది. చివరిదాకా విన్నాను. ఎక్కడా ఆగలేదు.